కింది గీత కదల్లేదు

బ్రిస్టల్, ఇంగ్లండ్
1966 అక్టోబరు 9

టేర్ రూజ్ తెలుగు బడి పంతులుగారికీ, దీపం భజన గురువుగారికీ, నా మొగుడికీ ఒకే కాగితం మీద నమస్కారం. ముగ్గురికీ విడివిడిగా రాయాలంటే స్టాంపులు చాలవు.

క్షేమంగా చేరాను. చలి సంగతి అడగకండి. మీరు కాత్ర్ బోర్న్ సంతలో గంటసేపు బేరమాడి కొన్న ఊలు చొక్కాని చూసి ఇక్కడి గాలి నవ్వుకుంది. లోపల మూడు, పైన రెండు తొడుక్కుని పనసకాయలా తిరుగుతున్నాను. అన్నం వారానికి ఒకసారి పెడతారు, అదీ పాలూ పంచదారా పోసి.

ఏడాది చదువు అన్న పేరే గానీ పని మన దీవి ఆసుపత్రిలో చేసిందే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకోవాలి. అక్కడలాగే ఇక్కడా వాళ్ల పొట్ట మీద అరచెయ్యి వేసి కూచుంటాం. అంత చిన్న పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. అరికాలు గిల్లితే గుర్తొస్తుంది. గిల్లే మనిషి పక్కన లేకపోతే ఇక అంతే.

ఆ అరచేతికి బదులుగా ఎల్లిస్ అనే డాక్టరుగారు ఇక్కడ ఒక పెట్టె తయారుచేస్తున్నారు. రొమ్ముకి అటూ ఇటూ రెండు లోహపు బిళ్లలు అతికించి, వాటి మధ్య మనకి తెలియనంత చిన్న కరెంటు పంపుతారు. లోపల గాలి నిండితే కరెంటుకి దారి కష్టమవుతుంది, గాలి బయటికి పోతే సులువవుతుంది. ఆ తేడాని ఒక కలం కాగితం మీద అలలుగా గీస్తుంది. అలలు ఆగితే గంట మోగుతుంది. చిక్కేమిటంటే, పిల్ల కాలు తన్నినా, చెయ్యి ఆడించినా బిళ్ల కదిలి కలం దాన్ని కూడా అలలాగే గీసేస్తుంది. ఊపిరి ఆగి కాళ్లు కొట్టుకుంటున్న బిడ్డని పట్టుకుని ఈ పెట్టె అంతా బాగుందంటుంది.

అందుకని పిల్లల మీద పెట్టే ముందు పెద్దవాళ్ల మీద చూస్తున్నారు. నేనూ పేరిచ్చాను. వారానికి రెండు మధ్యాహ్నాలు బిళ్లలు అతికించుకుని పడుకోవడమే పని. భజనలో పండిన ఊపిరి కదా, నా అలలు చాలా అందంగా వస్తున్నాయని ఎల్లిస్ గారు వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు.

సూరయ్య మామకి, అప్పలమ్మ పెద్దమ్మకి నా దండాలు చెప్పండి.

మీ వసంతి


టేర్ రూజ్
1966 అక్టోబరు 27

వసంతికి ఆశీస్సులు.

ఉత్తరంలో తప్పులు తక్కువగా ఉన్నాయి. పంతులుకి సంతోషం. నాలోనే ఉన్న మిగిలిన ఇద్దరి సంగతి కింద రాస్తున్నాను.

ఊరి పద్ధతి నీకు తెలుసు. సముద్రం దాటి వచ్చిన ఉత్తరం ఎవరిదైనా శనివారం భజన అయ్యాక గుడి అరుగు మీద నేనే పైకి చదవాలి. అందరి ఇళ్ల ఉత్తరాలూ చదివినవాడు తన పెళ్లాం ఉత్తరం దాచుకుంటే ఏమనుకుంటారు? ముందుగా చూసుకోకుండా, గర్వంగానే విప్పాను. మొగుడికి అన్న చోట నవ్వారు. పనసకాయ దగ్గర మరీ నవ్వారు. రొమ్ముకి అటూ ఇటూ అన్న దగ్గరికి వచ్చాను. ఆపితే అనుమానం, చదివితే అవమానం. చదివేశాను. అప్పలమ్మ పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మన తాళాల సూరయ్య మాత్రం తాళాలు ఒళ్లో పెట్టుకుని, చాలా మర్యాదగా, "గురూ, సా దోక్తేర్ లా, లి మార్యే?" అన్నాడు. ఆ డాక్టరుకి పెళ్లయిందా అని అడుగుతున్నాడు! గుడంతా ఒకటే నవ్వు.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ బిళ్లలు అతికించేది ఎవరు?

ఇంకో మాట. నీ ఊపిరిని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చూపించడానికి ఆయనెవరు? ఆడది దీపం చుట్టూ తిరిగి వంత పాడడమేమిటని పెద్దలు గొణిగిన నాడు నేను చెవిన పెట్టలేదు. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు. దీపం పాట రెండో చరణంలో కొండ అన్న మాటకి ముందు నువ్వు చిన్నగా ఊపిరి తీసుకుంటావు. ఎవరికీ వినపడదు, నాకు వినపడుతుంది. ఇన్నేళ్లుగా అది నా ఒక్కడి సొత్తు అనుకుంటున్నాను. ఇప్పుడు దాన్ని ఒకడు కలం పెట్టి గీయించుకుంటున్నాడు.

ఏటి మొగలో చలిదేశం పిట్టలు దిగాయి. మీ దిక్కు నుంచే వచ్చి ఉంటాయి. వాటిని చూసినా ఒళ్లు మండుతోంది.

పోలయ్య


బ్రిస్టల్
1966 నవంబరు 14

ఉత్తరాలు పైకి చదివే పంతులుగారికి, ఈ కాగితం గుడి అరుగు మీద విప్పవద్దని ముందే మనవి. విప్పేశారా? అయితే అక్కడ కూచున్న పెద్దలందరికీ నమస్కారం. సూరయ్య మామా, ఆ డాక్టరుకి పెళ్లయింది. ముగ్గురు పిల్లలు, బట్టతల.

ఇక మీకు. అతికించేది జీనెట్. కాత్ర్ బోర్న్ సంతలో బట్టలమ్మే వాళ్ల అమ్మాయి, నాతోపాటే వచ్చిన నర్సు. రాయాలని కూడా తోచలేదు. ఆసుపత్రిలో ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు, ఇది ఎవరికి తెలియదు? దాని వేళ్లు మంచుముక్కలు. తగలగానే నేను ఉలిక్కిపడతాను, అది "పా బూజే!" అని కసురుకుంటుంది. కదలకు అని మన క్రియోల్‌లో తిట్టడానికి ఇంత దూరంలో ఒక మనిషి దొరికింది, అదే పదివేలు. ఎల్లిస్ గారు తెర అవతల పెట్టె దగ్గర ఉంటారు. ఆయనకి నా మొహమైనా సరిగ్గా గుర్తుండదు. మొన్న మెట్ల మీద ఎదురుపడి జీనెట్ అనుకుని పలకరించారు.

చూశారా, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీ కోపం అంతా నా మీద పడింది.

పెట్టె పని ముందుకు సాగట్లేదు. కదలకుండా ఉంటే చక్కని అలలు. చెయ్యి ఎత్తినా, దగ్గినా, పక్కకి ఒత్తిగిలినా ఆ గందరగోళంలో ఊపిరి మునిగిపోతుంది. ఏది ఊపిరో ఏది ఒళ్లో తెలియదు. కదలని పిల్ల ఎక్కడైనా ఉంటే తీసుకురండి, అప్పుడు మీ పెట్టె పెట్టుకుంటాం అని ఇక్కడి పెద్ద నర్సమ్మ ఎగతాళి చేసింది. పాపం, ఆయన ఈ మధ్య భోజనం కూడా మానేసి కూచుంటున్నారు.

నా వంతపాట ఎవరు పాడుతున్నారు? మీరు రాయలేదు.

మీ వసంతి


టేర్ రూజ్
1966 డిసెంబరు 10

వసంతికి,

పాపం అని రాశావు. భోజనం మానేశాడని రాశావు. ఇక్కడ నేను నిన్న మాడిన అన్నం గీరుకుని తిన్నాను, పాపం అన్న నోరు ఒక్కటి లేదు.

అతికించేది జీనెట్ అని తెలిశాక మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. బాగా ఆలోచించుకుంటే తెలిసింది, నా కడుపుమంట అతికించే చేతుల మీద కాదు. అతికించడం ఎంతసేపు? చదివేది మధ్యాహ్నమంతా. నువ్వు ఎక్కడ నిట్టూర్చావో, ఎక్కడ కునుకు పట్టిందో, ఎక్కడ ఇల్లు గుర్తొచ్చిందో, అంతా ఆయన కాగితం మీద పడుతుంది. నీ మొహం గుర్తులేదంటున్నావు. మొహం చూసినా ఊరుకునేవాణ్ణి.

పైగా ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పిల్లలు కదులుతున్నారని వంక ఒకటి. మన సూరయ్య తాళాలు ఎలా మోగిస్తాడో నీకు తెలుసు. పిడుగులు పడుతున్నట్టే ఉంటుంది. అందులోంచి నీ గొంతు నేనెలా విన్నాను ఇన్నేళ్లూ? సూరయ్యని ఆపమన్నానా? వాడిని ఆపగలిగినవాడు పుట్టలేదు. ఎడమ చెవి పూర్తిగా వాడికి అప్పగిస్తాను. ఆ చెవిలో వాడు తప్ప ఎవరూ ఉండరు. వాడు ఏం చేస్తున్నాడో అక్కడ తెలిసిపోతుంది కాబట్టి, కుడి చెవిలో పడ్డదాంట్లోంచి వాణ్ణి తీసేస్తాను. మిగిలింది నువ్వు. మీ డాక్టరుకి ఒక్క చెవే ఉన్నట్టుంది. కదలికని వినడానికి ఇంకో చెవి పెట్టుకోమని చెప్పు. చేతకాకపోతే పెట్టెకి మూత పెట్టి నిన్ను ఇంటికి పంపమను.

వంతపాట సంగతి అడిగావు. మన ఊరి రామలుకి సాంత్ర్ ద ఫ్లాక్ నుంచి కోడలు వచ్చింది, కన్నమ్మ. నా బడిలోనే అక్షరాలు నేర్చుకుంటోంది. ఆ పిల్ల పాడుతోంది. గొంతు తేనె.

పోలయ్య


బ్రిస్టల్
1967 మార్చి 12

పంతులుగారికి నమస్కారం.

మీరు వెటకారంగా రాసింది ఇక్కడ విడ్డూరమైంది. రెండు చెవుల సంగతి నవ్వులాటకి జీనెట్‌కి చెప్పాను. తెర అవతల ఎల్లిస్ గారు విన్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పాను. నా ఇంగ్లీషులో సూరయ్య మామ తాళాలు ఎలా వచ్చాయో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ఇంకో జత బిళ్లలు వచ్చాయి. భుజం దగ్గర, ఊపిరి దాదాపు తగలని చోట. అది మీ ఎడమ చెవి. ఒళ్లు కదిలితే ఆ జతకే ముందు తెలుస్తుంది. మొదటి జత రాసినదాంట్లోంచి ఆ కదలికని పెట్టె తీసేస్తుంది. మొదటి జతని కూడా చంకల కిందికి, పక్కలకి మార్చారు. చేతులు ఆడినా అక్కడ చర్మం తక్కువ సాగుతుందట. తీగలు లాగకుండా జీనెట్ వాటిని ఒంటికే పట్టీ వేసి అంటిస్తోంది. కాగితం మీద ఇప్పుడు రెండు గీతలు. పైది ఊపిరి, కిందిది కదలిక. పూర్తిగా కుదిరిందని అనను, గట్టిగా దగ్గితే ఇప్పటికీ గంతులేస్తుంది. కానీ చెయ్యి ఊపుతూ పడుకుంటే పై గీతలో నా ఊపిరి కనపడింది. ఎల్లిస్ గారు మిస్టర్ పోలయ్యకి కృతజ్ఞతలు చెప్పమన్నారు. చెప్పాను.

ఇక పిల్లల మీద పెట్టి చూడాలి. అందుకు వచ్చే చలికాలం అయ్యేదాకా ఉండమని అడిగారు. మన ప్రభుత్వం సరేనంది. నేనూ సరేనన్నాను.

తేనె అని రాశారు. మంచిది. తేనె ఒంటికి మంచిది.

వసంతి


టేర్ రూజ్
1967 ఏప్రిల్ 3

వసంతికి,

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో బడిలో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు నన్ను చూపించి చెప్పొచ్చు. నిన్ను ఇంటికి రప్పించాలని రాసిన మాట నిన్ను అక్కడే కట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఊరంతా వచ్చి అభినందించింది. సూరయ్య తబాజీ కొట్టు ముందు నిలబడి తన తాళాలు ఇంగ్లండు వెళ్లాయని దారినపోయేవాళ్లకి చెబుతున్నాడు. పది మందికీ రమ్ము పోయించాడు. నేను ఇంట్లో తలుపు వేసుకుని కూచున్నాను.

సరేనన్నాను అని రాశావు. నన్ను అడిగి సరేనన్నావా? మన ప్రభుత్వాన్ని అడిగారు, నిన్ను అడిగారు, నాకు మాత్రం కృతజ్ఞతలతో సరిపెట్టారు. ఆయన అడిగితే నీ నోట సరే అన్న మాట ఎంత తొందరగా వస్తుందో తెలిసింది.

ఇక్కడ ఏ లోటూ లేదు. మొన్న ఉగాదికి ముందు భజనలో కన్నమ్మ నీ చోటే నిలబడింది. నీ పాటలన్నీ నేర్చుకుంది. నువ్వు లేవన్న సంగతే ఎవరికీ తెలియడం లేదు. నాకు కూడా.

వచ్చే తేదీ తెలిసేదాకా నాకు రాయనక్కర్లేదు.

పోలయ్య


బ్రిస్టల్
1967 ఆగస్టు 20

పంతులుగారికి,

తేదీ తెలిసింది కాబట్టి రాస్తున్నాను. వచ్చే ఫిబ్రవరి చివర్లో బయల్దేరతాను.

పెట్టె ఇప్పుడు పిల్లల దగ్గర ఉంది. పోయిన మంగళవారం ఒక ఆడపిల్ల, నా అరచేతిలో పట్టేంత పిల్ల, చేతులు రెండూ ఆడిస్తూ ఊపిరి తీసుకోవడం మానేసింది. దూరం నుంచి చూస్తే ఆడుకుంటోందనే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, పక్క ఉయ్యాల దగ్గర పాలు పడుతున్నాను. కింది గీత గంతులేస్తోంది, పై గీత పడుకుంది, గంట మోగింది. జీనెట్ పరిగెత్తి అరికాలు గిల్లింది. పిల్ల ఏడ్చింది. మేమిద్దరం దానికంటే ఎక్కువ ఏడ్చాం.

నేను సరేనన్నది ఆ గంట కోసం. ఇంకెవరి కోసమో అని మీరు అనుకుంటే అనుకోండి.

నా చోట ఎవరు నిలబడినా దీపానికి ఒకటే.

వసంతి


టేర్ రూజ్
1967 నవంబరు 5

వసంతికి ఆశీస్సులు.

పిల్ల సంగతి చదివాను. గుడిలో పైకి చదివాను. నువ్వు చివర రాసిన మాటలు వదిలేసి చదివాను. అప్పలమ్మ పెద్దమ్మ, తాళాలు కొట్టినందుకు సూరయ్యకి పుణ్యం వస్తుందంది. చెవి పెట్టినవాడికి రాదా అని అడిగాను.

ఎన్నికలు అయ్యాయి, వచ్చే ఏడు స్వతంత్రం వచ్చి జెండా మారుతుందంటున్నారు. కొందరు సంబరం, కొందరు భయం. తెలుగు బడికి కొత్త బల్లలు వస్తాయని నాకు ఆశ. చెరకు నరకడం చివరికొచ్చింది. రోడ్డంతా లారీల మీదనుంచి రాలిన గడలే.

పెట్టెలో మంచి పని ఉందని ఒప్పుకుంటున్నాను. ఆ మనిషిని ఒప్పుకోవడం వేరు. నేను తెలివితక్కువవాణ్ణి కాదు, ఆయనకి ముగ్గురు పిల్లలూ బట్టతలా ఉన్నాయని నాకు గుర్తుంది. అయినా వారానికి రెండు మధ్యాహ్నాలు ఆయనవి. నావి ఒక్కటీ లేదు.

భజన బాగా సాగుతోంది. ఏ లోటూ లేదు.

ఒళ్లు తడిగా ఉండగా చలిలోకి వెళ్లకు.

పోలయ్య

(ఉత్తరం వెనక మడత మీద, వేరే చేతిరాతలో)

వసంతి అక్కకి కన్నమ్మ నమస్తే. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యమని గురువుగారు మా మామ రామలుకి ఇచ్చారు. నా అక్షరాలు చూసి నవ్వకండి. మీ పాట నేను పాడింది కొన్ని శనివారాలే. నేను నోరు తెరిస్తే గురువుగారు ఆపేస్తారు. ఊపిరి అక్కడ కాదు, కొండ ముందు, అంటారు. మళ్లీ పాడితే మళ్లీ ఆపుతారు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయనకి కోపం వచ్చింది. తర్వాత నేను పాడలేదు. ఇప్పుడు రెండో చరణం ఎవరూ పాడరు. అక్కడికి వస్తే అందరూ నోరు మూసుకుని దీపం చుట్టూ నడుస్తారు, సూరయ్య మామ తాళం ఒక్కటే మోగుతుంది. గురువుగారు కళ్లు మూసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇదే పద్ధతి అనుకుంటున్నారు. మీరు వచ్చేయండి అక్కా.


బ్రిస్టల్
1968 జనవరి 14

నా మొగుడికి. ఈసారి ఒక్కడికే.

ఇది గుడిలో చదవకండి. నిజంగానే చెబుతున్నాను.

మీ ఉత్తరం వెనక ఏముందో మీకు తెలియదు. తెలుసుకోవాలంటే రామలు కోడల్ని అడగండి. కోప్పడకండి. ఆ పిల్లకి అక్షరాలు బాగా నేర్పారు.

ఇందులో ఒక కాగితపు పట్టీ మడిచి పెట్టాను. జాగ్రత్తగా విప్పండి. మీరు ఏడాదికి పైగా దేని మీద మండిపడుతున్నారో అదే ఇది, నా ఊపిరి. పోయిన ఏప్రిల్‌ది. ఎలా చదవాలో చెబుతాను. ఎడమ నుంచి మొదలుపెట్టండి. గళ్లు ఉన్నాయి చూడండి, ఒక్కో పెద్ద గడి మీ భజనలో మెల్లగా వేసే ఒక్కో దెబ్బ అంత.

ఆ మధ్యాహ్నం నేను కదలకుండా పడుకోవాల్సిన వంతు. మీ ఉత్తరం అప్పుడే వచ్చింది. నేను ఆగలేకపోయాను. చేత్తో పట్టుకుంటే కదలిక అవుతుంది కదా, అందుకని జీనెట్ నా మొహం మీద విప్పి పట్టుకుంది. దానికి తెలుగు రాదు, ముందు తలకిందులుగా పట్టుకుంది. తిప్పమన్నాను. మొదట్లో నవ్వు ఆపుకున్నాను, కొరివి దగ్గర. అక్కడ పై గీతలో చిన్న చిన్న గంతులు కనపడతాయి. సూరయ్య మామ రమ్ము దగ్గర కూడా.

తర్వాత కన్నమ్మ నా చోట నిలబడింది. నేను లేనన్న సంగతి ఎవరికీ తెలియడం లేదు. మీకు కూడా.

అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టాను, చూడండి. పై గీత ఆగిపోయింది. ఎంత దూరం పడుకుందో చూడండి. గంట మోగింది. మోగినా నేను తీసుకోలేదు. నా ఒళ్లు తెలియలేదు, అంత అసూయ పట్టింది నన్ను. మీరు తేనె అన్న ఆ గొంతుని నలిపెయ్యాలనిపించింది. జీనెట్ కాగితం పారేసి నా భుజం పట్టి కుదిపింది. కింది గీత మొదటిసారి కదిలింది అక్కడే. అంతవరకూ చూడండి, బల్లలా పడుంది. నేను వేలు కూడా కదపలేదు.

ఎల్లిస్ గారు తెర తీసి పరిగెత్తుకొచ్చారు. ఏమైందన్నారు. ఇంటి నుంచి ఉత్తరం అన్నాను. పట్టీ చూసుకుని ఆయన పొంగిపోయారు. ఒళ్లు ఏమాత్రం కదలకుండా ఊపిరి ఒక్కటే మారిన బొమ్మ, ఇంత శుభ్రంగా ఇంకెక్కడా రాలేదట. పుస్తకంలో అచ్చు వేయిస్తానన్నారు. ఇవ్వనన్నాను. మళ్లీ అడిగారు. ఇది మా ఆయనదని చెప్పి, చింపి దాచుకున్నాను. మిగిలిన మధ్యాహ్నాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. వాటిలో ఉన్నది నర్సు ఊపిరి, ఎవరైనా చదువుకోవచ్చు.

మీకు అప్పుడే పంపాల్సింది. అప్పుడు పౌరుషం. కన్నమ్మ రాసింది చూశాక పౌరుషం నిలవలేదు.

మార్చి పన్నెండున జెండా ఎగరేస్తారని జీనెట్‌కి వాళ్ల ఇంటి నుంచి రాశారు. దానికి ముందే మీ దగ్గర ఉంటాను. రెండో చరణం ఖాళీగా ఉంచండి.

మీ వసంతి


టేర్ రూజ్
1968 ఫిబ్రవరి 4

వసంతీ,

శనివారం భజన అయ్యాక ఉత్తరం ఏదని అందరూ అరుగు మీదికి చేరారు. చొక్కా జేబులోనే ఉంది. ఈసారి చదవడానికి ఏమీ లేదు, ఒట్టి గీతలు అన్నాను. సూరయ్య చెయ్యి చాచాడు. నీకు అర్థం కాదు పొమ్మన్నాను. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో నేను పైకి చదవని ఉత్తరం ఇదొక్కటే. ఇకమీదట పద్ధతి మార్చేశాను, ఎవరి ఉత్తరం వాళ్లు ఇంట్లోనే చదువుకోవాలి. అప్పలమ్మ పెద్దమ్మకి వారం రోజులుగా నాతో మాటల్లేవు.

కన్నమ్మని కోప్పడలేదు. నాకు దాని మొహం చూడడానికే సిగ్గేసింది. వచ్చే శనివారం రమ్మని అడిగాను. నువ్వు వచ్చాక వస్తుందట.

ఎల్లిస్ గారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లల విషయంలో ఆయన మంచి పని చేశారు. అడిగినా పట్టీ ఇవ్వనన్నావు, అది ఇంకా మంచి పని. వీడ్కోలుకి దూరం నుంచి చెయ్యి ఊపితే చాలు, చేతులు కలపక్కర్లేదు.

ప్లెజాన్స్‌లో విమానం దిగేచోట నిలబడి ఉంటాను. సూరయ్య తాళాలతో వస్తానంటున్నాడు. వద్దన్నాను. వస్తాడు.

పట్టీ బల్ల మీద పరిచి, నువ్వు చెప్పినట్టే ఒక్కో గడికి ఒక్కో దెబ్బ వేసుకుంటూ వేలు నడిపాను. నువ్వు తీసుకున్న చోట తీసుకున్నాను, వదిలిన చోట వదిలాను. కొరివి దగ్గర నీతోపాటు నవ్వాను. పెన్సిలు చుక్క దగ్గర నీలాగే ఊపిరి ఆపాను. ఆ మాటలు రాసింది నా చెయ్యే, అదే చెయ్యి గీత వెంట పోతోంది. సగం దూరం వెళ్లేసరికి నా గుండె తలుపు బాదినట్టు బాదింది. చివరిదాకా వెళ్లాలని మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఆపాను.

నా వల్ల కాలేదు వసంతీ. అంతసేపు ఎలా ఆపావు?

పోలయ్య